మండువా ఇంట్లో తీసిన పాట: లైటింగ్, ఎడిటింగ్ మీద మీ అభిప్రాయం కావాలి

మండువా వెలుగు

అందరికీ నమస్కారం. నేను మాస్ కమ్యూనికేషన్ రెండో సంవత్సరం విద్యార్థినిని. నలుగురం స్నేహితులం కలిసి ఒక పాటకు వీడియో తీశాం. పాట మాదే, ఎక్కడినుంచీ తీసుకున్నది కాదు. మా బృందంలోని అమ్మాయే రాసి, తనే పాడింది. కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా ఇంట్లో చిత్రీకరించాం. నిడివి 3 నిమిషాల 48 సెకన్లు. వీడియో జతచేశాను.

కథ చిన్నదే. పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయి చాలాకాలం తరవాత ఊరి ఇంటికి వస్తుంది. తాళం వేసి ఉన్న ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటుంది. పల్లవి ఇది:

తలుపు మూసిన ఇంటిలోపల
దీపమెవ్వరు పెట్టినారో

మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి, 50 ఎం.ఎం. లెన్సు, రెండో కెమెరాగా ఫోను, రెండు ఎల్‌ఈడీ ప్యానెళ్లు, ఒక థర్మకోల్ షీటు వాడాం. సెకనుకు 24 ఫ్రేములు. ఎడిటింగ్, రంగులు డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో చేశాం.

సమస్య రెండో చరణం దగ్గర, అంటే 2:24 నుంచి. అక్కడికి వచ్చేసరికి చూసేవాళ్ల ధ్యాస తప్పుతోంది. మా మేడం లైటింగ్ అన్నారు, బృందంలో ఇద్దరు ఎడిటింగ్ అన్నారు. మొహమాటం లేకుండా చెప్పండి. సంక్రాంతి తరవాత ఆ ఇల్లు విప్పేస్తున్నారు. మళ్లీ తీయాలంటే ఈ లోపే తీయాలి.

గోదావరి గట్టు

చాలా బాగుంది. 1:12 దగ్గర తలుపు తెరిచే షాటు నాకు ఎంతో నచ్చింది. రెండో చరణంలో ముఖాలు మసకగా ఉన్నాయి, ఇంకో లైటు పెడితే సరిపోతుంది. అక్కడ కట్‌లు కూడా కొంచెం వేగం పెంచండి. ఈ రోజుల్లో ఫోనులో చూసేవాళ్లు మూడు సెకన్లు కూడా ఆగరు.

బటర్‌పేపర్

అమ్మా, ముందుగా ఒక మంచి మాట. ఆ ఇంటిని మీరు ప్రేమతో చూశారు. స్తంభాల మధ్యనుంచి నడిచి వచ్చే షాట్లు చూస్తే అది తెలుస్తోంది. నేను హైదరాబాద్‌లో లైట్ల విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, కాబట్టి ఎడిటింగ్ జోలికి వెళ్లను. లైటింగ్ గురించి మాత్రం వివరంగా చెబుతాను.

మరో లైటు పెట్టమన్న సలహాను నేను ఒప్పుకోను. మీకు కావలసింది ఒక లైటు తీసేయడం. 0:24 దగ్గర ఆపి చూడండి. దీపం ఆమెకు కుడిపక్కన ఉంది. ముక్కు నీడ కూడా కుడివైపుకే, దీపం ఉన్న వైపుకే పడుతోంది. ఎడమ ప్యానెల్ బలంగా ఉండటం వల్ల వచ్చిన నీడ అది. చూసేవాళ్లు దీన్ని మాటల్లో చెప్పలేకపోవచ్చు, కానీ దీపం వెలుగు ముఖం మీద లేదని వాళ్ల కంటికి తెలుస్తుంది. "దీపమెవ్వరు పెట్టినారో" అని పాడుతున్నప్పుడు ఆ దీపం మీద నమ్మకం పోతే పాట మీదే పోయినట్టు. కెమెరాకు అటొకటి ఇటొకటి సమానంగా పెట్టిన ప్యానెళ్లు పాస్‌పోర్టు ఫొటోకు పనికొస్తాయి, ఈ పాటకు కాదు.

రెండో సంగతి దూరం. మీ ప్యానెళ్లు ముఖానికి పదడుగుల దూరంలో, వెనక గోడకు పన్నెండడుగుల దూరంలో ఉన్నట్టు కనిపిస్తోంది. వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. పదికీ పన్నెండుకూ తేడా తక్కువ కాబట్టి ముఖం మీద పడే వెలుగులో దాదాపు 70 శాతం గోడ మీద కూడా పడుతోంది. అందుకే సున్నం గోడ ముఖంతో పోటీపడుతోంది. అదే ప్యానెల్‌ను ముఖానికి మూడడుగుల దగ్గరకు తెచ్చి, అమ్మాయిని గోడకు ఆరడుగుల ముందుకు జరపండి. అప్పుడు గోడ లైటుకు తొమ్మిదడుగుల దూరమవుతుంది, వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. రూపాయి ఖర్చు లేకుండా గోడ చీకట్లోకి వెళ్లి ముఖం బయటికి వస్తుంది. ప్యానెల్ ముందు అడుగు ఎడంగా బటర్ పేపరు కట్టండి, దాని మీద నారింజ జెల్ (వెలుగు రంగు మార్చే పారదర్శక షీటు) వేయండి. రెండో వైపు థర్మకోల్ వద్దు, నల్ల దుప్పటి వేలాడదీయండి. ఆ చెంప చీకటిగానే ఉండనివ్వండి.

గట్టు గారూ, ముఖాలు మసకగా ఉన్నాయని మీరు సరిగ్గానే గమనించారు. అయితే వెలుగు తక్కువై కాదు, వెలుగుకు ఒక దిక్కంటూ లేక అలా కనిపిస్తున్నాయి.

మండువా వెలుగు

చాలా కృతజ్ఞతలు అన్నయ్యా. ఒక సందేహం. దీపం నేల మీద ఇత్తడి కుందిలో ఉంది కదా. లైటు కూడా ఆ ఎత్తునుంచే రావాలంటే కిందనుంచి ముఖం మీద పడి, దెయ్యం సినిమాలా అవుతుందేమో?

బటర్‌పేపర్

అవుతుంది. అందుకే దీపాన్ని కింద పెట్టకండి. 0:51 దగ్గర స్తంభం వెనక గోడలో గూడు కనిపించింది, దాదాపు భుజం ఎత్తులో ఉంది. దీపం ఆ గూట్లో పెట్టండి. పాత ఇళ్లలో సంధ్యాదీపానికి అదే చోటు కదా, కథకూ అతుకుతుంది. ప్యానెల్ గూటి పక్కనే, ఫ్రేముకు బయట. ఎవరైనా ఒకరు దాని ముందు వేళ్లు నెమ్మదిగా కదిలిస్తూ ఉంటే రెపరెప వస్తుంది. అతిగా కదపవద్దు, గాలిలేని గదిలో దీపం అంతగా ఆడదు.

మండువాలో పగటి షాట్ల గురించి కూడా ఒక మాట. పైనుంచి ఎండ సూటిగా పడి, నేల తెల్లగా మండిపోయి, వసారా అంతా చీకటిగా ఉంది. ఇలాంటి ముంగిలి వెలుగును ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రా, సత్యజిత్ రాయ్ తీసిన 1956 నాటి 'అపరాజితో'లో స్టూడియోలో పుట్టించారు. కాశీలోని ఇంటి సెట్టు మీద తెల్లగుడ్డ పరచి, లైట్లను దాని మీదకు కొట్టి, తిరిగి కిందకు పడే మెత్తని వెలుగుతో చిత్రీకరించారు. మీకు లైట్లు కూడా అక్కరలేదు, సూర్యుడున్నాడు. మండువా మీద తెల్లని పంచెలు కట్టండి. ఎండ వాటిలోంచి వడకట్టుకుని దిగుతుంది.

కత్తెర

నేను ఎడిటింగ్ విభాగంలో సహాయకుడిని. వీడియో చూశాక మళ్లీ శబ్దం లేకుండా చూశాను, ఆ తరవాత షాట్లు లెక్కపెట్టాను. 118 షాట్లు. 228 సెకన్ల పాటలో అంటే సగటున ఒక్కో షాటుకు రెండు సెకన్లు కూడా లేవు.

రెండో చరణం దగ్గర ఏమి జరుగుతోందంటే, 2:24 నుంచి 3:00 వరకు 21 షాట్లు ఉన్నాయి. అందులో 17 ఛాతీ వరకు కనిపించే మధ్యస్థ షాట్లే. పరిమాణం మారదు, కోణం కొద్దిగానే మారుతుంది. కట్ అయిన ప్రతిసారీ కన్ను కొత్తదేదో వెతుక్కుంటుంది. దానికి పాతదే దొరుకుతోంది. ఇలా పదిసార్లు జరిగితే వెతకడం మానేస్తుంది. మీరు చెప్పిన ధ్యాస తప్పడం ఇదే. వేగం పెంచితే ఇంకా త్వరగా తప్పుతుంది.

2:36 దగ్గర మరో చిక్కు ఉంది. ఆమె ఫ్రేములో కుడివైపు తలుపును చూస్తుంది. తరవాతి షాటులో కెమెరా అటువైపునుంచి ఉండటంతో ఆమె ఎడమకు చూస్తున్నట్టు కనిపిస్తోంది. తలుపునుంచి ముఖం తిప్పుకున్నట్టు అర్థం మారిపోయింది. మధ్యలో గూటి దీపం క్లోజప్ ఒకటి వేస్తే దిక్కు మారినా ఇబ్బంది ఉండదు.

ఎక్కడ కట్ చేయాలన్నదానికి హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక వరుస చెప్పారు. నూటిలో 51 పాళ్లు భావానికి, 23 కథకు, 10 లయకు ఇచ్చారు. పాట వీడియోలో లయకు ఇంకాస్త ఎక్కువ ఇవ్వవచ్చునేమో. కానీ మీరు లయకే నూరూ ఇచ్చేశారు. ప్రతి కట్ దరువు మీదే పడింది. 1:12 షాటు ఎందుకు అందరికీ నచ్చిందో చూడండి. తలుపు, చేయి, గడియ, లోపలి చీకటి. ఏడు సెకన్ల పాటు మీరు కత్తెర వేయలేదు.

చాపుతాళం

నేను మృదంగం వాయిస్తాను. కెమెరా పని తెలియదు, కానీ కత్తెర గారు చెప్పినదానికి తాళం వైపునుంచి ఒక ఆధారం ఉంది.

ఈ పాట మిశ్ర చాపు తాళంలో ఉంది. మూడూ నాలుగూ, మొత్తం ఏడు మాత్రలు. తలుపు/మూసిన, ఇంటి/లోపల, దీప/మెవ్వరు, పెట్టి/నారో. గురజాడ వారి ముత్యాల సరం నడక ఇదే. రాసిన అమ్మాయికి చెవి ఉంది, అభినందనలు చెప్పండి. నేను చేత్తో లెక్కవేస్తే ఒక ఆవృత్తం, అంటే తాళం ఒక చుట్టు, సరిగ్గా మూడు సెకన్లు వస్తోంది.

మీ కట్‌లు దాదాపు అన్నీ ఏడింటిలో మొదటి మాత్ర మీదే పడుతున్నాయి, లేదంటే ఆవృత్తాన్ని సగానికి కోసినట్టు మధ్యలో పడుతున్నాయి. ఆ రెండోదే నన్ను ఇబ్బంది పెట్టింది. ఏడుకు సగం లేదు! మూడు తరవాత నాలుగు మొదలయ్యే చోటే దానికి సహజమైన విరుపు. పాట కుంటినడకలా అందంగా నడుస్తుంటే, బొమ్మ కవాతు చేస్తోంది.

కత్తెర

చాపుతాళం గారూ, ఇది నాకు తట్టలేదు, చాలా విలువైన మాట. ఎడిటింగ్ బల్ల మీదకు తెస్తే లెక్క ఇలా ఉంటుంది. 24 ఫ్రేముల లెక్కన మూడు సెకన్లంటే 72 ఫ్రేములు. అందులో మొదటి మూడు మాత్రలు సుమారు 31, మిగిలిన నాలుగు 41. టైమ్‌లైన్ మీద ప్రతి ఆవృత్తానికి ఒక రంగు గుర్తు, 31వ ఫ్రేము దగ్గర మరో రంగు గుర్తు పెట్టుకోండి. అన్ని గుర్తుల మీదా కోయమని కాదు. కొన్నిచోట్ల రెండు మూడు ఆవృత్తాలు వదిలేయండి. కోసేటప్పుడు సరిగ్గా గుర్తు మీద కాకుండా రెండు ఫ్రేములు ముందు కోసి చూడండి. కొత్త బొమ్మను కన్ను అందుకునేసరికి దరువు వినిపిస్తుంది.

గోదావరి గట్టు

పెద్దల మాట కాదనను. కానీ నేనూ మీలాంటి విద్యార్థినే, నా చానెల్‌కు వచ్చే గణాంకాలు చూస్తుంటాను. మొదటి పది సెకన్లలోనే సగం మంది వెళ్లిపోతున్నారు. నిదానంగా తీస్తే కళాశాల ఉత్సవంలో చప్పట్లు వస్తాయి, బయట ఎవరూ చూడరు. ఎంత బాగా తీసినా ఎవరూ చూడకపోతే ఆ పిల్లల కష్టం ఏమైపోవాలి?

కత్తెర

మీ బాధ నిజమైనదే, తేలిగ్గా తీసుకోను. మొదటి పది సెకన్లు ముఖ్యం. కానీ ఈ వీడియో మొదటి పది సెకన్లలో డ్రోను షాటు, కొబ్బరితోట, కాలువ, పేర్లు ఉన్నాయి. కోనసీమ పేరుతో వచ్చే ప్రతి వీడియో అలాగే మొదలవుతుంది. దీనికి మాత్రమే ఉన్నది తాళం వేసిన తలుపు సందులోంచి కనిపించే వెలుగు. దానితో మొదలుపెట్టండి. ఆపడానికి కావలసింది వేగం కాదు, ప్రశ్న.

ఫోను తెర గురించి కూడా చెప్పాలి. చిన్న తెర మీద దూరపు షాటును చదవడానికి ఎక్కువ సమయం పడుతుంది. మండువా మొత్తం కనిపించే షాటును మీరు సెకనున్నర ఉంచారు. ఫోనులో అందులో మనిషి ఎక్కడుందో కనిపెట్టేలోపే అది వెళ్లిపోతుంది. వేగం కావాలంటే చోటు ఉంది. 2:00 నుంచి 2:24 వరకు వాద్యాలు మాత్రమే వినిపిస్తాయి, మాట లేదు. అక్కడ తాళంచెవి, పెంకులు, బావి గిలక, గోడమీద ఎత్తులు కొలిచిన గీతలు, మీ ఇష్టం వచ్చినంత వేగంగా కోయండి. అక్కడ పరుగెత్తితేనే చరణంలో ఆగడం తెలుస్తుంది.

గోదావరి గట్టు

తలుపుతో మొదలుపెట్టడం ఒప్పుకుంటాను. అది చాలా బాగుంటుంది.

రంగులపెట్టె

రంగుల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నీడల్లో నీలి ఆకుపచ్చ, వెలుగులో నారింజ వచ్చే రెడీమేడ్ లట్ (రంగులు మార్చే ఫిల్టరు లాంటి ఫైలు) ఒకటి మొత్తం మీద వేశారు. దాని వల్ల అమ్మాయి చామనఛాయ ముఖంలో నీడ ఉన్న చెంప బూడిదరంగులోకి వెళ్లింది. మన చర్మపు రంగును చంపే లట్‌ను ఎంత అందంగా ఉన్నా వాడవద్దని గట్టిగా చెబుతాను. బలం మూడో వంతుకు తగ్గించండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగులను కొలిచి చూపే వెక్టర్‌స్కోప్‌లో చర్మం గీత ఒకటి ఉంటుంది, ముఖం దానికి దగ్గరగా పడుతోందో లేదో చూసుకోండి. ఛాయ ఏదైనా రక్తం రంగు ఒకటే కాబట్టి అందరి చర్మమూ ఆ గీత చుట్టుపక్కలే పడుతుంది. ముదురు, లేత తేడా వెలుగును 0 నుంచి 100 వరకు కొలిచి చూపే వేవ్‌ఫామ్‌లో కనిపిస్తుంది. పగటి షాటులో వెలుగు పడిన చెంపను 50 దగ్గర ఉంచండి. దీపం దగ్గర 40కి దిగినా నాకు అభ్యంతరం లేదు. తెల్లని ముఖాల కోసం రాసిన 70 అంకెను పట్టుకుని చామనఛాయను సున్నం కొట్టినట్టు చేయకండి.

2:45 దగ్గర చీకటి గోడ మీద మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తున్నాయి. 8 బిట్‌లో లాగ్ పద్ధతిలో (తరవాత రంగులు దిద్దుకోవడానికి కాంట్రాస్ట్ చదును చేసి తీయడం) తీసి ఉంటారు. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో అయితే 1024. లాగ్‌లో చదును చేసి తీసి మళ్లీ సాగదీస్తే ఆ మెట్లు బయటపడతాయి. మళ్లీ తీసేటప్పుడు రాత్రి షాట్లకు లాగ్ వద్దు, మామూలు ప్రొఫైల్‌లో కాంట్రాస్ట్ తగ్గించి తీయండి. ఉన్న షాట్లకు సన్నటి గ్రెయిన్ (ఫిల్ము మీద కనిపించే నూగు) వేస్తే పట్టీలు చాలావరకు కలిసిపోతాయి.

వెన్నెల కోసం మండువాలోకి ముదురు నీలం కొట్టారు, అది పెళ్లి పందిరిలా ఉంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ 'మాయాబజార్'లో (1957) వెన్నెల కురిపించినప్పుడు ఆయన చేతిలో నీలం లేనే లేదు, నలుపు తెలుపు ఫిల్ము. వెలుగు ఎక్కడ పడాలి, ఎక్కడ పడకూడదు అన్నదే ఆయన సాధనం. నీలం జెల్ సగం బలానికి తగ్గించి, వెనకనుంచి, పైనుంచి కొట్టండి. భుజం అంచు, పెంకుల అంచు మెరిస్తే చాలు.

వంటింటి షాట్లలో పట్టీలు నెమ్మదిగా పైకి పాకుతున్నాయి, అది వేరే జబ్బు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానిమీద వెలిగే చాలా బల్బులు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. ఫోను షట్టర్‌ను దానిష్టానికి వదిలేశారు. 24 ఫ్రేముల్లోనే ఉండండి, షట్టర్ మాత్రం 1/50 సెకనుకు బిగించండి. షట్టర్‌ను సెకన్లలో కాక కోణంలో చెప్పే కెమెరా అయితే 172.8 డిగ్రీలు.

పాట నాదే

నేనే పాట రాసి పాడినదాన్ని. అందరి మాటలూ చదివాను. చాపుతాళం గారికి ప్రత్యేకంగా నమస్కారాలు. ముత్యాల సరాలు మా తాతయ్య దగ్గర చిన్నప్పుడు కంఠస్థం చేశాను, అక్కడినుంచే వచ్చి ఉంటుంది.

వెలుగూ, నీకు ఒక మాట చెప్పాలని ఉంది. చిత్రీకరణ హడావిడిలో చెప్పలేదు. రెండో చరణం చూడు:

గడప దాటని అడుగులెవరివి
అరుగు మీదనె ఆగినాయో

ఇక్కడ పాడుతున్నది ఆ అమ్మాయి కాదు. ఇల్లు అడుగుతోంది. అరుగుదాకా వచ్చి, లోపలికి రాలేక వెళ్లిపోయింది నువ్వేనా అని ఇల్లు ఆమెను అడుగుతోంది. మనం ఆ చరణమంతా నా ముఖం మీదే తీశాం, నేను పెదవులు కదుపుతూ ఉన్నాను. అందుకే అక్కడ ఎవరికీ ఏమీ అందడం లేదనుకుంటున్నాను. ఆ నాలుగు పంక్తుల్లో నేను పాడకూడదు. వినాలి.

కత్తెర

రెండో చరణం సంగతి ఇక్కడ తేలింది. నేను షాట్లు లెక్కపెట్టాను, గట్టు గారు ముఖాలు చూశారు, అసలు కారణం మాటల్లో ఉంది. పెదవుల కదలిక లేకపోతే కట్‌లకు బలవంతమూ ఉండదు. ఇంటి వైపునుంచి తీయండి. గడప లోపలనుంచి బయటికి, కెమెరా కదలకుండా. అరుగు, ఆమె చెప్పులు, ఆమె. 36 సెకన్లకు ఆరేడు షాట్లు చాలు.

మండువా వెలుగు

ఇది చదివాక ఆ చరణాన్ని మొత్తం మళ్లీ తీయాలని నిర్ణయించుకున్నాం. గూట్లో దీపం, ఒక్క ప్యానెల్. పల్లవి కూడా తీస్తాం. పగటి షాట్లలో నడక ఉన్నవి అలాగే ఉంచుతాం.

చివరి పల్లవిలో ఆమె పాడుతూ ఉంటే సాంబ్రాణి పొగ, పమిట నెమ్మదిగా కదలాలి, పెదవులు మాత్రం పాటతో కలవాలి. అది ఎలా చేస్తారు? ఇంకొకటి, 3:20 దగ్గర ఫోను షాటులో పెదవులు పాటనుంచి జారిపోతున్నాయి, మొదట్లో బాగానే ఉంటోంది.

కత్తెర

రెండోది ముందు. ఫోను వెలుగునుబట్టి ఫ్రేముల సంఖ్య మార్చుకుంటూ తీస్తుంది. అందుకే మొదట కలిసి, తరవాత జారుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి, ఆ ఫైలునే టైమ్‌లైన్‌లోకి తీసుకోండి.

నెమ్మది కదలికకు వేగంగా తీయాలి, పాటనూ వేగంగా వినిపించాలి. సాధారణంగా 50 ఫ్రేముల్లో తీసి, పాటను రెండు రెట్ల వేగంతో పెట్టి, 25లో ఆడిస్తారు. మీది 24 ఫ్రేముల ప్రాజెక్టు కాబట్టి రెండు రెట్లు సరిపోదు, 2.083 రెట్లు కావాలి. ఇది పట్టించుకోకపోతే మళ్లీ పెదవులు జారతాయి. షట్టర్ 1/100 పెట్టండి, అప్పుడు బల్బుల మిణుకూ ఉండదు. వెలుగు మాత్రం రెట్టింపు కావాలి. పాట ఎప్పుడు మొదలవుతుందో పాడే అమ్మాయికి తెలిసేలా, ముందు మూడు బీప్‌లు కలిపి ఎగుమతి చేసుకోండి.

చాపుతాళం

అంటే ఆవృత్తం మూడు సెకన్లనుంచి 1.44కు వస్తుంది. పాడే అమ్మాయి ముందే చేత్తో తాళం వేస్తూ ఆ వేగంలో అభ్యాసం చేయాలి. "పెట్టినారో"లో ద్విత్వం ఆ వేగంలో పెదవుల మీద పలకకపోతే, నెమ్మది చేశాక నోరు మూసుకున్నట్టు కనిపిస్తుంది.

పాట నాదే

ఇవాళే మొదలుపెట్టాను. పల్లవి రెండు పంక్తులు పరవాలేదు, నాలుక తిరుగుతోంది. అంతకుమించి ఆ వేగంలో వద్దు.

మండువా వెలుగు

బటర్‌పేపర్ అన్నయ్యా, మండువా నోరు సుమారు పన్నెండడుగులు చదరంగా ఉంది. అమ్మమ్మ బీరువాలో తాతయ్య పంచెలు ఎనిమిదున్నాయి, వాడుకోమంది. వాటిని కుట్టి ఒకటిగా చేయాలా?

బటర్‌పేపర్

కుట్టవద్దు, అవి పెద్దాయన పంచెలు. మండువా మీద నాలుగు తాళ్లు సమాంతరంగా లాగి కట్టి, వాటి మీద పంచెలు పరిచి, బట్టల క్లిప్పులు పెట్టండి. అంచులు జానెడు ఒకదానిమీద ఒకటి ఉండాలి, లేకపోతే నేల మీద ఎండ గీతలు పడతాయి. గంజి ఉంటే ముందు రోజు ఉతికి తీసేయండి. తాళ్లు పాత వాసాలకు కట్టకండి, దూలాలకు కట్టండి. పెంకుల మీదకు ఎవరూ ఎక్కవద్దు.

రాత్రి షాట్లకు ముందు ఇంకొక పని. అది పాత వైరింగు. ప్యానెళ్లూ, ల్యాప్‌టాపూ, స్పీకరూ ఒకే ప్లగ్గునుంచి లాగకండి. ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ దగ్గర చూపించి, ఫ్యూజు సరిచేయించుకోండి. గూటి దీపానికి దగ్గరలో బటర్ పేపరు రాకూడదు, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాక గూట్లో దీపంతో ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ప్యానెల్ ఎత్తు చూసి చెబుతాను.